ఫ్రాన్స్ కోటల ఎక్సెల్ షీటు

ఆ పెద్దావిడ మీద నాకిప్పటికీ కోపమే. ఐటీ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులవి. సింగపూర్‌లో చోవా చూ కాంగ్ వెళ్లే మెట్రో రైల్లో నేనూ, నా భార్యా, మధ్యలో పాప. సెలవుల్లో వీళ్లకి, కారు అద్దెకి తీసుకుని ఫ్రాన్స్ పల్లెల్లో కోటలన్నీ చూపించేద్దామని ఆఫీసులో కూర్చుని ఎక్సెల్ షీటు తయారుచేశాను. ఎవరి పేరు కింద వాళ్ల కార్యక్రమం, గంటల ప్రకారం. ఆ ప్రింటు ఒళ్లో పరుచుకున్నాను.

నా పక్క సీట్లో ఉన్న ఆ పెద్దావిడ మెడ చాచి మరీ చదివి, తెలుగులో అడిగింది.

"రోజుకి మూడు కోటలా బాబూ? మీ ఆవిడ పేరు కింద ఒక్కటీ లేదేం? పొద్దున్నే ఐదింటికి రైస్ కుక్కర్, పులిహోర. తర్వాత కారులో పాపని నిద్రపుచ్చడం. సాయంత్రం మళ్లీ కుక్కర్."

"మా ఇంటి విషయం మీకెందుకు ఆంటీ?"

"ఇంటి విషయమైతే ఇంట్లో చదువుకో. రైల్లో పరిస్తే నేనూ చదువుతా," అని విసురుగా లేచి దిగిపోయింది.

"తిక్క మనిషి," అంటూ నా భార్య వైపు తిరిగాను, నవ్వుతుందనుకుని. తను నా ఒళ్లోంచి కాగితం తీసుకుని, తన పేరు కింద వేలు పెట్టి ఒక్కో వరసా చదువుతోంది. ఆ కాగితం తను చూడడం అదే మొదటిసారి.