మిషన్ వెనక నీలగిరి ఆకు

నిరుడు వేసవి. శంషాబాద్‌లో, విమానాలు చక్రాలు దించుకుని ఇళ్ల మీదుగా వెళ్లే ఒక కాలనీ. మధ్యాహ్నం రెండున్నరకు ఆ గదిలో ఉన్నవి ఇవి: ఐదు లీటర్ల ఆక్సిజన్ కాన్సంట్రేటర్ ఒకటి, సగానికి పైగా ఖాళీ అయిన సిలిండర్ ఒకటి, మంచం, గోడకు శిలువ, బియ్యం డబ్బా, కాన్సంట్రేటర్ వెనక జాలీకి ఎర్ర దారంతో కట్టిన ఎండు నీలగిరి ఆకు. మనుషులు ముగ్గురు: ఊపిరితిత్తులు దెబ్బతిని ఏడాదిగా ఆక్సిజన్ మీద ఉన్న మార్తమ్మ, ఎయిర్‌పోర్టులో హౌస్‌కీపింగ్ చేసే ఆమె కూతురు సునీత, మిషన్లు బాగుచేసే నేను.

కాన్సంట్రేటర్ గదిలోని గాలిని లాగి, నైట్రోజన్‌ను వేరు చేసి, ఆక్సిజన్‌ను ముక్కు గొట్టంలోకి పంపుతుంది. లోపలి కంప్రెసర్ వేడెక్కకుండా ఒక చిన్న ఫ్యాన్ వేడి గాలిని వెనక జాలీలోంచి బయటికి తోస్తుంది. ఆ జాలీని ఎగ్జాస్ట్ అంటాం. దానికి ఏదీ అడ్డు ఉండకూడదన్నది నా చెక్‌లిస్టులో నాలుగో అంశం.

అందుకే మూడు వారాల ముందు సర్వీసుకు వెళ్లినప్పుడు ఆ దారాన్ని కట్టర్‌తో తెంపి, ఆకును బల్ల మీద పెట్టాను.

"ఎందుకు తెంపినవ్ బిడ్డా? అది దిష్టికి," అంది మార్తమ్మ.

"చర్చికి వెళ్లేవారు, మీకు దిష్టేమిటండీ?"

"ఆకును చేసింది దేవుడు. కండ్లు పెట్టేది మా గల్లీలోళ్లు."

వయసులో ఉన్నప్పుడు ఆమె రావిర్యాల వైపు నీలగిరి తోటల్లో కూలికి వెళ్లేదట. మా గుంటూరు వైపు ఆ చెట్టును జామాయిల్ అంటాం. కలపకూ కాగితానికీ పనికొస్తుందని మాత్రమే నాకు తెలుసు. ఆమె జాబితా నాకంటే పెద్దది. ఎండుటాకు వేడినీళ్లలో వేస్తే ఒళ్లు నొప్పులకు, దిండు కింద పెడితే పీడకలలకు, బియ్యంలో వేస్తే పురుగుకు, సాయంత్రం పొగ వేస్తే దోమలకూ దిష్టికీ. ఆక్సిజన్ ఉన్న గదిలో నిప్పు ప్రమాదమని చెప్పిన రోజే పొగ మానేసింది. దారం మాత్రం నేను గేటు దాటగానే మళ్లీ కట్టించిందట.

ఇక ఆ రోజు సంగతి. ఒంటిగంటన్నరకు నేను అత్తాపూర్‌లో వేరే మిషన్ చూస్తున్నాను. సునీత ఫోన్ చేసింది.

"అన్నా, ఆకు ఊగుతలేదు."

"మిషన్ నడుస్తోందా అండీ?"

"నడుస్తనే ఉంది."

"పచ్చ లైటేనా? బజర్ మోగిందా?"

"పచ్చదే. ఏం మోగలే."

"అయితే ఏమీ లేదండీ. రేపు పొద్దున వస్తాను. ఆకు అన్నాక ఆగుతుంది."

"నవ్వకన్నా. అమ్మ జర పరేషానైతుంది. గొట్టం సిలిండర్‌కు పెట్టమన్నది, పెట్టిన. సిలిండర్ ముల్లు సగం కిందికున్నది. మూడింటికి నా డ్యూటీ. నేను పోతే ఇంట్ల అమ్మ ఒక్కతే. నువ్వొస్తవా, గట్లనే నవ్వుతుంటవా?"

సిలిండర్ ముల్లు మాటకు బండి తీశాను. ఆకు మాటకు కాదు.

వెళ్లి మిషన్ మూత విప్పాను. ఫ్యాన్ బిగుసుకుపోయి ఉంది. కంప్రెసర్ మీద చెయ్యి పెట్టలేకపోయాను. ఆ మోడల్‌లో వేడి పెరిగితే హెచ్చరించేది బజర్ ఒక్కటే, దానికి వేరే లైటు లేదు. బజర్ ఎందుకు మోగలేదో వెతికితే దాని కనెక్టర్ సగం ఊడి ఉంది. మూడు వారాల కిందట ఆ మూత విప్పి బిగించింది నేనే.

ఇంకొంచెం వేడెక్కితే కంప్రెసర్ చప్పుడు లేకుండా ఆగిపోయేది. సునీత డ్యూటీలో ఉండేది. మార్తమ్మ మధ్యాహ్నం నిద్రలో ఉండేది.

నేను చేసిన పని దాచలేదు. ఇద్దరికీ చెప్పాను. సునీత సిలిండర్ ముల్లు చూసి వచ్చింది. తర్వాత, "ముందుగాల బాగు చెయ్," అంది.

కొత్త ఫ్యాన్ బిగిస్తూ మార్తమ్మను అడిగాను. "పైన సీలింగ్ ఫ్యాన్ తిరుగుతోంది కదమ్మా. ఆకు ఏ గాలికి ఊగుతోందో మీకెలా తెలుసు?"

"అందుకే గద ఎనక కట్టిపిచ్చిన. పై గాలి ఆడికి రాదు. మంచంల కెళ్లి నాకు కనబడ్తది." ఆమె రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది. "లేతాకు బరువు, ఊగది. ఎండల పెడితే చుట్టుకుంటది. కత్తి లెక్క సన్నటి ఆకు, నీడకు తొమ్మిది దినాలు ఎండాలె. జోరుగ ఊగితే మంచిది. మెల్లగయితే జాలి కడగమంట సునీతకు."

ఆమె కడగమనే జాలి అంటే గాలి లోపలికి వచ్చే చోట ఉండే ఫిల్టర్. ఈ ఇంటి ఫిల్టర్ ఎప్పుడు చూసినా శుభ్రంగా ఉండేది. నేనిచ్చిన అచ్చు కాగితం పాటిస్తున్నారని సంతోషపడేవాణ్ని. ఫిల్టర్‌లో దుమ్ము నిండితే లోపలికి వచ్చే గాలి తగ్గుతుంది, ఎగ్జాస్ట్ బలహీనపడుతుంది. అది కొలవడానికి నా సంచిలో మీటరుంది. ఆమెకు ఆకుంది. నా మీటరు నెలకోసారి వస్తుంది. ఆమె ఆకు క్షణం కూడా డ్యూటీ దిగలేదు.

"ఇదంతా ఎవరు నేర్పారమ్మా?"

"మా అమ్మ. ఆయాసమున్న పిల్లల ఉయ్యాల మీద కడుతుండె. ఆకు ఆడినంత సేపు ఊపిరాడుతదని. ఇప్పుడు ఉయ్యాలల ఉన్నది నేనే గద బిడ్డా."

దిష్టి సంగతి నేను నమ్మను, ఇప్పటికీ. కానీ పదమూడు అంశాల చెక్‌లిస్టుతో, డిప్లొమాతో నేను తప్పిన చోట ఒక ఎండుటాకు తప్పలేదు. తలవంచడం తప్ప నాకు వేరే మర్యాద తోచలేదు.

కనెక్టర్‌ను టిక్కుమనే దాకా నొక్కి, ఫ్యాన్ తీగ పీకి బజర్ మోగుతుందో లేదో రెండుసార్లు చూశాను. సునీత డ్యూటీకి గంట ఆలస్యంగా బయల్దేరింది. పోతూ పోతూ, "ఈసారి కట్టర్ సంచిలనే ఉంచు అన్నా," అంది.

అప్పటి నుంచి నా చెక్‌లిస్టులో పద్నాలుగో అంశం ఉంది: ఇంట్లోవాళ్లు మిషన్ బాగోగులు దేన్ని చూసి తెలుసుకుంటున్నారో అడగాలి, అడిగే దాకా దేన్నీ తీసెయ్యకూడదు.

ఆకును నేనే కట్టాను, జాలీకి అడ్డురాకుండా నాలుగు వేళ్ల ఎడంలో. "జర కిందికి," అంది మార్తమ్మ. దించాను. సర్వీసు రిపోర్టులో ఆక్సిజన్ శాతం రాశాను: తొంభై నాలుగు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని, వాచీ చూస్తూ ఆకు ఊపులు లెక్కపెట్టి అదీ రాశాను.

నిమిషానికి డెబ్బై రెండు.