మగ్గం గుంతలో పుట్టగొడుగులు

కోడుమూరులో సుబ్బక్క నేసిన చీరంటే ఒక పేరుండేది. ముప్పై ఏళ్లు గుంతమగ్గంలో కాళ్లు పెట్టి కూర్చుంది. యాభై దాటాక మోకాళ్లు మొరాయించాయి. మగ్గం విప్పి అటకెక్కించారు. గది ఖాళీ అయింది. చేతులు ముడుచుకుని కూర్చోవడం మాత్రం ఆమె వల్ల కాలేదు.

పక్కవీధి విశ్వాసమ్మ పుట్టగొడుగుల పెంపకం నేర్చుకోవడానికి కర్నూలు పోతూ ఈమెనూ లాక్కుపోయింది. విత్తనం పొట్లాలతో తిరిగొచ్చిన పెళ్లాన్ని చూసి దేవేంద్రప్ప పకపకా నవ్వాడు.

"కుక్కగొడుగులు పెంచుతావా? ఈ ఇంట్లో వాటిని ముట్టేటోళ్లు ఎవురూ లేరు."

"నిన్ను తినమని ఎవురు బతిమాలినారు?" అంది సుబ్బక్క.

వరిగడ్డి తరిగి, ఉడకబెట్టి, తడారీ ఆరకముందే విత్తనం చల్లుతూ సంచుల్లో పొరలుగా కూరింది. అది మే నెల. వారం తిరక్కుండానే సంచులన్నీ పచ్చబూజు పట్టి కంపు కొట్టాయి. మొత్తం తీసుకెళ్లి దిబ్బలో పోసింది. దేవేంద్రప్ప మీసాల చాటున నవ్వుకున్నాడు. ఆ నవ్వు ఆమెకు ఎండకన్నా ఎక్కువ మండింది.

చలిగాలి తిరిగేదాకా ఆగింది. ఈసారి కొత్త విత్తనంతో కూరిన సంచులను చల్లగా ఉండే మగ్గం గుంతలోకి దించి, చుట్టూ తడి గోనెపట్టాలు కట్టింది. ఇరవై రోజులకు గడ్డి నిండా విత్తనం తెల్లగా అల్లుకుంది. సంచులకు గాట్లు పెట్టి, పూటపూటా నీళ్లు చిలకరించింది. నాలుగో రోజు పొద్దున మొగ్గలు కనిపించాయి. మరో రెండు రోజులకు అరచేతులంత రేకులతో గుత్తులు విచ్చుకున్నాయి. సుబ్బక్క గుంత అంచున కూర్చుని చాలాసేపు వాటినే చూసింది.

ఒక గుత్తిని మెలితిప్పి కోసింది. ఉల్లిగడ్డ, వెల్లుల్లి, ఎండుమిరపకారం వేసి వేయించి, చివర్న చెనిక్కాయల పొడి చల్లింది. కూర దించి, విశ్వాసమ్మకు కొంచెం ఇచ్చొద్దామని గిన్నెతో వీధిలోకి పోయింది. తిరిగొచ్చేసరికి ఇల్లంతా దేవేంద్రప్ప కేకలే. ఆకలి మీద వచ్చి, జొన్నరొట్టెలోకి తనే వడ్డించుకున్నాడు.

"కార్తీకమాసంలో పొట్టేలు కూర వండుతావా? నీకేమన్నా బుద్ధి ఉండాదా?"

సుబ్బక్క అతని చెయ్యి పట్టుకుని మగ్గం గదిలోకి నడిపించింది. గోనెపట్టా ఎత్తి చూపించింది. దేవేంద్రప్ప గుంతలోకి చూశాడు, చేతికంటిన మసాలా చూశాడు.

"ఇవేనా?"

"ఇవే. నువ్వు ముట్టనన్నవి."

దేవేంద్రప్ప మెల్లగా, "ఇంకొంచెం ఉండాదా?" అన్నాడు.

సుబ్బక్క కడుపు పట్టుకుని నవ్వింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

క్రిస్మస్‌కు విశ్వాసమ్మ వాళ్ల చర్చిలో విందుకు రెండు గంపల పుట్టగొడుగులు కావాలన్నారు. గంపలు మోసుకెళ్లింది దేవేంద్రప్పే. అక్కడ వంటవాళ్ల పక్కన నిలబడి, "ఎక్కువ నీళ్లు పోయొద్దప్పా, అదే ఊరుతాది" అని దగ్గరుండి చెప్పి మరీ వండించాడు.