జీరో ఎర్రర్ చూశావామ్మా?

మా ఫిజిక్స్ మాస్టారు పోయారని రేపల్లె నుంచి ఫోన్ వచ్చేసరికి నేను బాపట్లలో పిల్లల చేత ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను. నమ్మలేదు. ముందు రోజు సాయంత్రమే మాట్లాడారు. పెనుమూడి దారిలో నడిచొచ్చానని, బీపీ భేషుగ్గా ఉందని చెప్పారు. "మెదడులో నరం చిట్లిందంటమ్మా. బీపీ బాగా పెరిగిపోయి ఉందంట" అన్నారు మాస్టారి భార్య, అమ్మగారు. ఏ బీపీ? ఆ భేషుగ్గా ఉన్న బీపీయేనా?

తెనాలిలో ఇంటర్ చదివేటప్పుడు ఆయన దగ్గర నేను తిన్న మొదటి చీవాట్లు స్క్రూగేజి వల్లే. సన్నటి తీగ మందాన్ని ఐదుసార్లు కొలిచాను. ఐదుసార్లూ ఒకటే అంకె. గర్వంగా రికార్డు చూపించాను. ఆయన దాని వంక చూడనైనా లేదు. స్క్రూగేజిని ఖాళీగా బిగించి నా ముందు పెట్టారు. సున్నా దగ్గర ఉండాల్సిన గీత ఎక్కడో ఉంది.

"జీరో ఎర్రర్ చూశావామ్మా?"

"లేదండి."

"అయితే ఐదుసార్లూ ఒకటే తప్పు చేశావు. ఒకే అంకె మళ్ళీ మళ్ళీ వస్తే అది ప్రెసిషను. అసలు విలువకి దగ్గరగా వస్తే యాక్యురసీ. మొదటిది వచ్చింది, సంతోషం. రెండోది ఏదీ?"

ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు మీలో ఉంటే ఆ ప్రశ్న గుర్తుండే ఉంటుంది. ల్యాబంతా నవ్వింది. నేను ఏడ్చాను. మధ్యాహ్నం పిలిచి తన క్యారేజీలోంచి పులిహోర పెట్టి, "ఏడిస్తే గీత సున్నాకి రాదు, తిను" అన్నారు. ఈ రోజు నేను పాఠం చెప్పుకుని బతుకుతున్నానంటే ఆ పులిహోర పుణ్యమే.

రిటైరై రేపల్లె చేరాక ఇల్లే ఆయనకు ల్యాబ్. కొలిచే వస్తువు ఏది ఇంట్లోకి వచ్చినా దాని లోపం ఎంతో తేల్చి నోటుబుక్కులో ఎక్కించేవారు. గోడ గడియారం ఏడు నిమిషాలు ముందు. థర్మామీటరు అర డిగ్రీ తక్కువ. బాగుచేయించొచ్చు కదండీ అంటే, "ఎంత తప్పో తెలిస్తే చాలమ్మా, దాంతో కాపురం చేయొచ్చు" అనేవారు. "నా పేరు కూడా ఉందేమో చూడమ్మా ఆ పుస్తకంలో" అని వంటింట్లోంచి అమ్మగారు.

పోయినేడాది ఆయనకు బీపీ మెషిన్ తీసుకెళ్ళాను. తెనాలిలో రైలు మారే మధ్యలో కొన్నాను. రైలు వేళవుతోందని పెట్టె విప్పి చూడలేదు.

పెద్దకర్మ రోజున ఆ మెషిన్ పట్టుకుని వీధి చివరి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన తన పరికరంతో నా బీపీ చూస్తే పై అంకె నూట నలభై. మెషిన్ నూట పన్నెండు అంది. మళ్ళీ పెట్టాను. నూట పన్నెండు. మూడోసారీ అంతే.

"ఇది సరిగ్గా చూపించి ఉంటే మాస్టారు బతికేవారాండీ?"

"ఎవరు చెప్పగలరమ్మా" అన్నారు డాక్టరు.

తిరిగొచ్చి అమ్మగారికి చెప్పేశాను. ఆవిడ మెషిన్ అందుకుని పక్కన పెట్టారు. "ఒకసారి ఆసుపత్రిలో కూడా చూపించుకోండని నేనన్నానమ్మా. మా అమ్మాయి సరిచూడకుండా తెస్తుందా అన్నారు."

సరిచూడకుండానే తెచ్చాను.

ఆవిడ నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టారు. గడియారం ఎదురుగా ఏడు నిమిషాలు. థర్మామీటరు ఎదురుగా అర డిగ్రీ. చివరి వరుసలో బీపీ మెషిన్. దాని ఎదురుగా అంకె లేదు. మాస్టారి గుండ్రటి చేతిరాతలో 'అమ్మాయి తెచ్చింది' అని ఉంది.