మేస్త్రీ షెడ్డు గోడ మీది గొట్టం

మంగళవారం పొద్దున మన చర్చి గంట ఒక్కొక్కటిగా మోగింది. ఆదివారం గంటకూ దీనికీ తేడా మా కార్ఖానా బస్తీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చేతిలో చీపురుతోనే గుడి గేటు దాకా వెళ్ళాను. గంట కొట్టి వస్తున్న వాచ్‌మన్ నన్ను చూసి ఆగాడు. "మేస్త్రీ పోయిండమ్మా. పొద్దుగాల చాయ్ తాగి కూసున్నోడు కూసున్నట్టే" అన్నాడు. ఏ మేస్త్రీ అని నేను అడగలేదు. మన సంఘంలో మేస్త్రీ అంటే ఒక్కడే, బండ్లు బాగుచేసే మేస్త్రీ.

భూస్థాపన రోజున పాస్టరు అయ్యగారు మంచి మాటలే చెప్పారు. కష్టజీవి అన్నారు, నెమ్మదస్తుడు అన్నారు. అన్నీ నిజమే. కానీ చెప్పవలసిన మాట ఒకటి మిగిలిపోయింది. అది అయ్యగారికి తెలియదు, నాకు తెలుసు. నాకు అక్షరం రాదు కాబట్టి మన సండే స్కూలు టీచరమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకొని ఈ సంఘ పత్రికకు రాయిస్తున్నాను. "ఇదంతా ఇప్పుడు అవసరమా అమ్మమ్మా" అని ఆమె రెండుసార్లు అడిగింది. అవసరమే, రాయి అన్నాను. చాలా ఏళ్ళ కింద ఈ గుడిలో నిలబడి నేనొక సాక్ష్యం చెప్పాను. అది విని మీలో చాలామంది మేస్త్రీ దగ్గరికి బండ్లు తీసుకెళ్ళడం మానేశారు. ఆ సాక్ష్యం అబద్ధం.

మాకు అప్పట్లో టెంట్ హౌస్ ఉండేది. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు మోయడానికి ఒక పాత పికప్ బండి ఉండేది. ముందంతా జీపు, వెనక ట్రాలీ. మా ఆయన నడిపేవాడు, నేను పక్కన కూర్చునేదాన్ని. వేగం నలభై దాటాక చక్రం గుంతలో పడిందంటే చాలు, బండి ముందు భాగమంతా ఊగిపోయేది. స్టీరింగ్ ఆయన చేతుల్లో నిలిచేది కాదు. నా పళ్ళు టకటకా కొట్టుకునేవి. బండి పూర్తిగా ఆగితే తప్ప ఆ వణుకు ఆగేది కాదు. టైర్లు మార్చమంటే మార్చాం. చక్రాలకు సీసం ముక్కలు కొట్టించి బ్యాలెన్స్ చేయించాం. వణుకు పోలేదు.

మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్తే ఆయన పానాల పెట్టె తెరవనే లేదు. మా ఆయనను దిగమని, నన్ను సీట్లో కూర్చోమన్నాడు.

"నాకు బండి రాదు గద మేస్త్రీ."

"రాకపోతేనే మంచిది అక్కా. డ్రైవర్ చెయ్యి అలవాటు మీద దోషాన్ని దాస్తది. నువ్వు ఎక్కు. ఇంజను షురూ చెయ్యద్దు. స్టీరింగ్ జెర ఎడమకు, జెర కుడికి తిప్పు, అంతే."

గోనెసంచి పరుచుకొని బండి కిందికి దూరాడు. నేను తిప్పుతుంటే కింద ఒక్కొక్క కీలు మీద అరచేయి ఆనించి చూసేవాడు. "మళ్ళ" అనేవాడు. "ఆపు" అనేవాడు. మళ్ళీ "మళ్ళ." తలుపులోంచి వంగి చూస్తే కళ్ళు మూసుకొని ఉన్నాడు.

"నిద్రపోతున్నవా ఏంది?"

"కండ్లు తెరిస్తే అన్నీ మంచిగనే కనబడ్తయ్ అక్కా. తిప్పు."

తర్వాత జాకీ పెట్టి చక్రం లేపాడు. పైనొక చేయి, కిందొక చేయి వేసి ఊపాడు. లోపల కటకటమంది. నన్ను పిలిచి నా చేతులు కూడా అక్కడ పెట్టించాడు. చక్రం ఎడమకూ కుడికీ మళ్ళే చోట పైనా కిందా బేరింగులుంటాయట, అవి రెండు పక్కలా అరిగిపోయాయట. "ఒక్కటి వదులైతే బండి మెల్లగ చెప్తది. అన్నీ కొంచెం కొంచెం వదులైతే ఒక్కసారే లేస్తది" అన్నాడు.

ఆయన చేతుల గురించి ఒక మాట చెప్పాలి. పని అయ్యాక కిరసనాయిలుతో కడిగి, సబ్బుతో కడిగి, వాసన చూసుకొని, మళ్ళీ కడిగేవాడు. అయినా గోళ్ళ నలుపు పోయేది కాదు. ప్రభు బల్ల దగ్గర రొట్టె కోసం చేయి చాచేటప్పుడు వేళ్ళు లోపలికి ముడుచుకునేవాడు. మగవాళ్ళ వరుసల్లో చివరిది ఆయనది. పైన ఫ్యాను కిర్రుమంటే పాట మధ్యలో కూడా తలెత్తి చూసేవాడు. ఆ మరుసటి ఆదివారానికి కిర్రు ఉండేది కాదు.

పనిలో మాత్రం చాలా నిదానం. "నీ షెడ్డుకొచ్చిన బండి పెండ్లికొచ్చిన సుట్టం లెక్క మేస్త్రీ, పోనే పోదు" అని నేనే ఎన్నోసార్లు ఎగతాళి చేశాను. నవ్వేవాడు.

మా బండికి ఎడమ పక్క బేరింగులు మార్చాడు. కుడి పక్కవి రాణిగంజ్ స్పేర్ పార్టుల బజార్లో దొరకలేదు, రెండు రోజులు ఆగమన్నాడు. ఆ మరునాడే బొల్లారంలో పెళ్ళి. నేను ఆగనన్నాను.

"ఆగుదాం, ఆటో ట్రాలీ మాట్లాడుదాం" అన్నాడు మా ఆయన.

"పెండ్లి ఇంటోళ్ళకు నువ్వు జవాబు చెప్తవా? మన బండి మనకుండంగ ఇంకోని బండెందుకు?" అని ఇద్దరి మీదా లేచాను.

మేస్త్రీ చక్రం బిగించి, తాళంచెవి మా ఆయన చేతిలో పెట్టాడు. "ముప్పై దాటొద్దు. పెండ్లి అయినంక తీస్కరా అక్కా. మర్వకు."

మర్చిపోలేదు. కావాలనే వెళ్ళలేదు. పెళ్ళికి పోతుంటే బొల్లారం రోడ్డు మీద ఇంకొక మెకానిక్ దగ్గర బండి ఆపించాను. అతను స్టీరింగ్‌కు ఒక గొట్టం బిగించాడు. చిన్న షాకబ్జరు లాంటిది. వణుకు మంత్రం వేసినట్టు పోయింది.

"చూసినవా? మేస్త్రీ రెండు రోజులన్నడు. ఈయన అర గంటల చేసిండు" అన్నాను.

"ఒక్కసారి మేస్త్రీకి చూపిద్దాం" అన్నాడు మా ఆయన.

"చూపిస్తే మళ్ళ ఇప్పి కూసుంటడు. వద్దు."

ఆ గొట్టం రోగాన్ని తగ్గించలేదు. రోగం బయటికి కనబడకుండా పట్టి ఉంచింది. లోపల అరిగేది అరుగుతూనే ఉంది. నాలుగు నెలలు అలాగే తిరిగాం.

ఒకరోజు మధ్యాహ్నం కుర్చీల లోడుతో అల్వాల్ రైలు గేటు దాటాం. ఆలస్యమైందని తొందరగా పోనిమ్మన్నది నేనే. పట్టాలు దాటి వేగం అందుకున్నాక రోడ్డు మీద ఒక ఎత్తుపల్లం తగిలింది. వణుకు ఒక్కసారే లేచింది. స్టీరింగ్ గిర్రున వెనక్కి తిరిగి, దాని కడ్డీ మా ఆయన మణికట్టును కొట్టింది. బండి కాలువలో పడింది. కుర్చీలు రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి. నాకు గీరుకుపోయింది, అంతే. ఆయన ఎముక అతికింది కానీ ఆ చేతికి మళ్ళీ పట్టు రాలేదు. తర్వాత ఆయన బండి నడపలేదు. అన్నం కూడా ఎడమ చేత్తోనే తినేవాడు.

ఆ ఆదివారం అయ్యగారు సాక్ష్యాలు చెప్పమన్నారు. ప్రాణాలతో బయటపడ్డవాళ్ళం, చెప్పకుండా ఉండలేం కదా. లేచాను. మగవాళ్ళ వైపు మా ఆయన కట్టు కట్టిన చేతితో కూర్చొని ఉన్నాడు. గొట్టం మాట ఎత్తితే, ఆయన వద్దంటే వినకుండా ఆ చేయి విరగ్గొట్టింది నేనేనని చెప్పాలి. నోరు రాలేదు. "మేస్త్రీ చేసిన బండే, అయినా ప్రభువు మమ్ముల బతికిచ్చిండు" అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. చివరి వరుసలో మేస్త్రీ అన్నాడో లేదో తెలియదు. నేను అటు చూడలేదు.

మా ఆయన నన్ను అడక్కుండా ఆ బండిని మళ్ళీ మేస్త్రీ షెడ్డుకే లాగించాడు. మూడో రోజు నేను పోయాను, ఏమన్నా అంటే తిరిగి అనడానికి సిద్ధపడి. ఆ గొట్టం ఊడదీసి గోడ మీది మేకుకు వేలాడదీసి ఉంది. మేస్త్రీ బండి కింద ఉన్నాడు. నా చెప్పులు చూసే గుర్తుపట్టినట్టున్నాడు.

"ఎక్కు అక్కా. తిప్పు."

ఎక్కాను. తిప్పాను. "మళ్ళ" అన్నాడు. "ఆపు" అన్నాడు. గొట్టం గురించి ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు.

ఆ తర్వాత మీ జీపులు, స్కూలు వ్యాన్లు ఆ షెడ్డుకు పోలేదు. గాలి పంపు అడగడానికి వచ్చేవాళ్ళు మిగిలారు. తప్పు నాది, ఎవరి మీదా తోయను. కానీ మీరూ ఒక మాట వినండి. ఒక ఆడది ఏడుస్తూ చెబితే అదే నిజమనుకున్నారు. ఒక్కరైనా పోయి ఆయనను అడిగారా? అడిగినా చెప్పేవాడు కాదు. గోడ వైపు చూసినా తెలిసేది.

మా ఆయన పోయేదాకా ప్రతి క్రిస్మస్‌కు ముందు ఆ షెడ్డుకే కేకు తీసుకెళ్ళాడు. నన్ను ఒక్కసారి కూడా రమ్మనలేదు.

భూస్థాపన అయిన మూడో నాడు మేస్త్రీ భార్య దగ్గరికి పోయాను. ఇద్దరం షెడ్డుకు నడిచాం. గొట్టం ఇంకా మేకుకే ఉంది, తుప్పు పట్టి.

"అది నాకియ్యి చెల్లె" అన్నాను.

"ఎన్నిసార్లు తుక్కోనికి ఏద్దామన్ననో. వద్దన్నడు. అది అక్కది, అక్క అడిగిననాడు ఇస్త అన్నడు" అందామె.

గోడంతా నూనె నలుపు. గొట్టం తీస్తే అది వేలాడిన మేర సున్నం తెల్లగా బయటపడింది.

వచ్చే ఆదివారం సాక్ష్యాల వేళ దాన్ని పట్టుకొని నిలబడతాను. ఈసారి ఆమెన్ అనే ముందు కొంచెం ఆగి అనండి.

గొట్టం తీసిన రోజు షెడ్డులో ఎవరో పక్క బస్తీవాళ్ళ జీపు ఒకటి సగం పనిలో ఉంది. కింద గోనెసంచి పరిచే ఉంది, ఆయన వీపు ఆనిన చోటు గుంటపడి. మోకాళ్ళు సహకరించకపోయినా సీట్లోకి ఎక్కాను. మేస్త్రీ భార్య తలుపు పట్టుకొని నిలబడింది. స్టీరింగ్ కొంచెం ఎడమకు, కొంచెం కుడికి తిప్పాను. ఆగి, కింది నుంచి మాట వస్తుందేమోనని చూశాను. మళ్ళీ తిప్పాను. ఆపు అనేవాళ్ళు లేక చాలాసేపు తిప్పుతూనే ఉన్నాను.