ఎద్దు కోసం గుండు

నిజామాబాద్ నుంచి బోధన్ పోయే బస్సులో ఒక రైతుకు జీవపరిణామమంతా విప్పి చెప్పానని చాలామంది దగ్గర గొప్పలు పోయాను. అబద్ధం. చెప్పింది అతను, నోరు తెరుచుకుని విన్నది నేను.

కొత్తగా గుండు చేయించుకున్న మనిషి. నా పక్కన కూర్చుని ఫోన్ తీశాడు. రెండు జీవాల పేర్లు పెడితే, వాటి వంశాలు వెనక్కి పోయి ఎక్కడ కలుస్తాయో కొమ్మలుగా చూపించే యాప్ అది. కాలేజీలో చదివే బిడ్డ ఎక్కించి ఇచ్చిందట. అతను పెట్టినవి మనిషి, ఎద్దు.

"మా ఎద్దు పదమూడేండ్లు చెరుకు బండి గుంజిందన్నా. మొన్న సచ్చిపోయింది. నేను గుండు చేయించుకుంటే మా పాలోళ్లు, సొంత అన్నదమ్ములోళ్లే నవ్విండ్రు. సొంత మనిషి పోతే చేయించుకుంటరు గాని, ఎద్దు నీకేమైతదిరా అన్నరు."

రెండు కొమ్మలు కలిసిన చోట వేలు పెట్టాడు. "సూడు, గీడ కలిసినం. సుట్టమే గదా?"

"సుట్టమే" అన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు కదా! నా నున్నటి తల నిమురుకుంటూ, "నా ఎద్దు గూడ పోయింది తమ్మీ" అన్నాను.

అతను నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. బోధన్ దాకా వదల్లేదు.

నాది నలభై ఏళ్లకే వచ్చిన బట్టతల. నా ఎద్దు ముసలిదైతే అంగడిలో అమ్మేశాను. కొన్నవాడు దాన్ని దున్నడానికి కొనలేదని నాకు తెలుసు. తాడు వాడి చేతికిచ్చి వెనుదిరిగితే, అది ఎప్పటిలాగే నా వెంట రాబోయింది.