గ్రహణం పూట మూత చప్పుడు

నా చిన్నప్పుడు అమెరికాలోని అరోరాలో మేముండే అపార్ట్‌మెంట్లో గ్రహణానికి రెండు శాస్త్రాలుండేవి. కింద మా వాటాలో అమ్మమ్మది ఒకటి, పై వాటాలో పెరూ ఆంటీది ఇంకొకటి. అమ్మకు పురుడు పోయడానికి అమ్మమ్మ ఆరు నెలల వీసా మీద వచ్చింది. పెరూ ఆంటీ అంతకుముందు రెండేళ్ళుగా, నేను స్కూలు బస్సు దిగింది మొదలు అమ్మానాన్నలు ఆఫీసు నుంచి వచ్చేదాకా నన్ను చూసుకుంటోంది. ఒకరి భాష ఒకరికి రాదు కానీ, నమ్మకాల విషయంలో ఇద్దరూ ఒకే తాను ముక్కలు.

ఆంటీది పెరూ దేశంలో, ఆండీస్ కొండల్లో ఒక పల్లె. ఒకప్పుడు ఇన్‌కా వంశపు రాజులు ఏలిన సీమ. ఆ కాలపు కథలు ఆవిడ అరటికాయ ముక్కలు వేయిస్తూ ఇంగ్లీషులో చెప్పేది. వాళ్ళకు సూర్యుడు తండ్రి. మనం మామ అనుకునే చంద్రుడు వాళ్ళకు తల్లి. వెండి అంతా ఆ తల్లి కార్చిన కన్నీళ్ళేనట. గ్రహణమంటే ప్యూమా అనే పెద్ద అడవిపిల్లి ఆకాశమెక్కి ఆ తల్లిని తినడం. పూర్తిగా తినేస్తే ఇక లోకానికి చీకటే. అందుకని జనమంతా బయటికొచ్చి డప్పులు కొట్టి, కేకలు వేసి, కుక్కల్ని కూడా ఏడిపించి దాన్ని బెదరగొట్టేవాళ్ళు. రాహువు కంటే ప్యూమానే నాకు నచ్చింది. దాన్ని తరమొచ్చు.

మార్చి మొదట్లో చంద్రగ్రహణం వచ్చింది. అమ్మకు ఎనిమిదో నెల. అమ్మమ్మ మధ్యాహ్నం నుంచే హడావిడి మొదలుపెట్టింది. దర్భ దొరక్కపోతే పార్కింగ్ పక్కన మంచు కింద ఎండిపోయిన లాన్ గడ్డి పీక్కొచ్చి పచ్చడి సీసాల మీదా, ఫ్రిజ్‌లో పాల క్యాన్ మీదా పెట్టింది. నాన్న నవ్వు ఆపుకోలేకపోయాడు.

"నవ్వండి అల్లుడుగారూ. బిడ్డ గ్రహణం మొర్రితో పుట్టాక కూడా ఇలాగే నవ్వుదురుగాని" అంది అమ్మమ్మ.

అమ్మను పడకగదిలో కదలకుండా వెల్లకిలా పడుకోబెట్టి, బ్లైండ్స్ అన్నీ దించేసింది. నన్ను హాల్లో కూర్చోబెట్టింది. పొద్దుగూకే వేళకు నేను చెత్త పడేసి వస్తానని జారుకున్నాను.

కార్ షెడ్ల వెనక నుంచి చంద్రుడు మాడిన అట్టులా ఎర్రగా లేస్తున్నాడు. ఆంటీ పార్కింగ్‌లో నిలబడి గరిటెతో పెనం వాయిస్తోంది. తన ముసలి కుక్క చెవి కాస్త మెలేస్తే అది కూడా ఊళపెట్టింది. నా చేతికి ఒక మూత ఇచ్చింది. చేతులు నొప్పిపుట్టేదాకా కొట్టాను. కాసేపటికి చంద్రుడి అంచున తెల్లటి గీత కనిపించింది. అది నా ప్రతాపమే అనుకున్నాను. అమ్మకు చూపించకపోతే ప్రాణం ఆగలేదు. పరుగెత్తి వెళ్ళి, పడకగది వెనక అద్దాల తలుపు తట్టాను.

"అమ్మా, కమ్ అవుట్. మూన్ బ్యాక్ వస్తోంది. నేనే సేవ్ చేశాను" అన్నాను.

గంటల తరబడి పడుకుని విసిగిపోయిందేమో, అమ్మ తలుపు జరిపి బయటికొచ్చింది. పొట్ట మీద చెయ్యి వేసుకుని ఆకాశం కేసి చూసి నవ్వింది. రెండు నిమిషాలు కూడా కాలేదు. అమ్మమ్మ వచ్చి రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. ఎవరు పిలిచారే నిన్ను అని నిలదీస్తే, "ఎవరూ పిలవలేదమ్మా. నాకే చూడాలనిపించింది" అని అమ్మ చెప్పింది.

తొమ్మిది రోజులకు కడుపులో కదలిక ఆగిపోయింది. మగబిడ్డ. మొర్రి లేదు, ఏ వంకా లేదు. ప్రాణం లేదు, అంతే. ఎందుకలా అయిందో డాక్టర్లు చెప్పలేకపోయారు. అమ్మమ్మ చెప్పింది. కాలింగ్ కార్డు గీకి ఇండియాకు ఫోన్ చేసి, "చిలక్కి చెప్పినట్టు చెప్పాను, విన్లేదు. చేజేతులా చేసుకుంది" అంది. అమ్మ పక్క గదిలోనే ఉంది. ఆ మాట ఆమెకూ వినపడింది, నాకూ వినపడింది. నిందంతా ఆమె మీద పడుతుంటే నేను నోరు మెదపలేదు. నా అంత పాపిష్టిది ఇంకొకరు లేరనిపించేది. అన్నం సహించేది కాదు.

వారం తర్వాత ఒక మధ్యాహ్నం ఆంటీ ముందు ఏడ్చేశాను. నేనే పిలిచానని, తమ్ముణ్ణి నేనే చంపానని చెప్పాను. ఆవిడ స్టవ్ ఆపేసి వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. నువ్వు మూత కొట్టకపోయినా చంద్రుడు వచ్చేవాడే, ఆ సంగతి నాకు ఎప్పుడో తెలుసు అంది. మరి ఎందుకు కొట్టావని అడిగాను.

"ఊరికే చూస్తూ కూర్చోలేక" అంది. నా కళ్ళు తుడిచి, "నాకూ ఒక కొడుకు పుట్టకుండానే పోయాడు. ఆ తొమ్మిది నెలల్లో మా కొండల్లో ఒక్క గ్రహణమూ పట్టలేదు" అంది.

"మరి ఎందుకు పోయాడు?"

"తెలీదు."

పెద్దవాళ్ళ నోట అంత నిబ్బరంగా ఆ మాట వినడం నాకు అదే మొదటిసారి. ఆ రోజుతో గుండె తేలికపడిందని చెప్పలేను. తప్పు నాది కాదని అర్థమైంది. దానితోపాటే, ఎంత గట్టిగా కొట్టినా ఆగేది ఏదీ ఉండదని కూడా అర్థమైంది. తొమ్మిదేళ్ళ పిల్ల మోయగలిగిన సంగతి కాదది. ఇప్పటికీ మోయడం చేతకాలేదు.

అమ్మకు ఆపాటి ఆసరా కూడా దొరకలేదు. ఆమె కడుపు మళ్ళీ పండలేదు. అయినా గ్రహణం వచ్చిన ప్రతిసారీ, ఎవరూ చెప్పకుండానే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని వెల్లకిలా పడుకునేది. అరవై దాటాక కూడా అంతే. ఒక గ్రహణం రోజు ధైర్యం చేసి ఆంటీ చెప్పిందంతా చెప్పాను. "నిజమేనేమోలే తల్లీ" అంది. ఆ సాయంత్రం మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయింది.

ఇప్పుడు అమ్మ లేదు. నా జుట్టూ నెరిసింది. రాహువును నమ్మను, ప్యూమానూ నమ్మను. గ్రహణం పట్టిన పూట మాత్రం అమ్మ గదిలోకి వెళ్ళి, ఆమె పడుకున్న చోటే పడుకుని, విడిచేదాకా కదలకుండా ఉంటాను. అలా ఉంటే ఏమవుతుందని మొన్న మా అమ్మాయి అడిగింది.

ఏమీ కాదన్నాను.