నాన్న ఆపని మాత్ర

మా నాన్న గుండె రక్తనాళంలో స్టెంట్ వేసి ఆరు నెలలైంది. అప్పటికాయనకి డెబ్భై ఎనిమిదేళ్లు. రక్తం గడ్డకట్టకుండా రోజూ రెండు రకాల మాత్రలు. వాటి పుణ్యమా అని గడ్డం గీసుకుంటే చిన్న గాటుకే తువ్వాలు తడిసేది. చేతుల మీద నీలం మచ్చలు, చిగుళ్ల వెంట నెత్తురు. ఒకరోజు ముక్కులోంచి ధారగా కారేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. డాక్టరుకి ఫోన్ చేశాను.

"ఏడాది వాడమన్నానే, ఆ రెండో మాత్ర ఇప్పుడే ఆపేయండి. మొదటిది మాత్రం మానొద్దు," అన్నాడాయన.

ప్రశ్నలడగడం నాకో జబ్బు. ఏడాదన్నది ఆరు నెలలకే ఎందుకు? స్టెంట్ అంటే సన్నటి తీగలతో అల్లిన గొట్టమట. లోపలి పొర పెరిగి దాన్ని కప్పేదాకా అక్కడ రక్తం గడ్డకట్టే భయం. నాన్న వయసులో నెత్తురు కారడం ఇంకా పెద్ద భయం. "పొర పెరిగిందని ఎలా తెలుస్తుంది?" అన్నాను. "ఖాయంగా తెలీదు, అంచనాయే," అన్నాడు. ఆ జవాబు నాకు భలే నచ్చింది. తెలీదని ఒప్పుకునే డాక్టర్లని నేనెంతమందిని చూశాను గనక!

నాన్నకి చెప్పాను. ఉద్యోగానికొచ్చి స్థిరపడిన ఈ హిందీ ఊరి అలవాటుగా "అచ్ఛా" అన్నారు. పది రోజులైనా చిగుళ్ల నెత్తురు ఆగలేదు. అనుమానమొచ్చి మాత్రల అట్ట తీసి చూద్దును కదా, రోజుకొకటి చొప్పున ఖాళీ అవుతూనే ఉంది!

"ఇదేటి నాన్నా! ఆపమన్నాను కదా!" నా అరుపు వీధి చివరి ఇంటి దాకా వినపడే ఉంటుంది.

"నోటి మాట మీద ఎర్ర సిగ్నల్ దాటుతామేటమ్మా?"

నాన్న గూడ్సు బండ్ల డ్రైవరుగా రిటైరయ్యారు. సిగ్నల్ పాడై ఎర్రగానే ఉండిపోతే, స్టేషన్ మాస్టర్ సంతకం పెట్టిన కాగితం చేతికొస్తేనే బండి కదిపేవారు. కర్గీ రోడ్ స్టేషన్ దగ్గర ఆ కాగితం కోసం ఎండలో మాడిన కథ మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు.

మర్నాడే డాక్టరు దగ్గరికి లాక్కెళ్లాను. సంగతి విని ఆయన నవ్వి, మాత్ర ఆపమని రాసిచ్చాడు. నాన్న కళ్లద్దాలు సర్దుకుని చదివి, "టైమ్ వెయ్యలేదు సాబ్," అని హిందీలో అన్నారు. టైమూ వేయించుకున్నారు. కింద తన సంతకం పెట్టి కాగితం నా వైపు తోశారు.

"నువ్వూ పెట్టు. బండి వెనకుండే గార్డుకీ తెలియాల."

"నేనెందుకు? నా మాట నమ్మకే కదా ఇదంతా!" ఒళ్లు మండిపోయింది నాకు.

"నమ్మకేటి? నీ మాట మీద ఆపీసి రేపు నాకేటైనా అయిపోతే, నానే ఆపించీసానని బతికినన్నాళ్లూ ఏడుస్తావు. ఆ బరువు నీ మీద పెట్టలేక మింగీసాను. ఇప్పుడు ముగ్గురం ఉన్నాం కదా, పెట్టు."

పది రోజులుగా నెత్తురు ఉమ్ముకుంటూ ఆ మాత్ర మింగింది నా కోసమా? పెన్ను తీసుకున్నాను. ఎక్కడ పెట్టాలో కళ్లకి ఆనలేదు. నాన్నే నా వేలు పట్టి చోటు చూపించారు.